కొత్త కుక్కపిల్ల రాత్రంతా నిద్రపోవాలంటే: మొదటి ఆరు వారాల సమగ్ర మార్గదర్శి

ఎనిమిది వారాల కుక్కపిల్ల అప్పటిదాకా ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకుని ఉండదు. తల్లి పొట్టకు ఆనుకునో, తోబుట్టువుల మీద కాళ్లు వేసుకునో నిద్రపోయిన ప్రాణి అది. ఆ ఒంటి వేడి, వాసన, ఊపిరి చప్పుడు ఒక్క పూటలో మాయమవుతాయి. మొదటి రాత్రి కుయ్యో మొర్రోమని గోల పెట్టడానికి అసలు కారణం ఇదే. రెండో కారణం మరీ మామూలుది: మూత్రాశయం చిన్నది, మెలకువ వచ్చిన ప్రతిసారీ ఒంటికి వస్తుంది. తోడు, ఒంటికి తీసుకెళ్లే వేళ, ఈ రెండూ చూసుకుంటే రాత్రి గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది.

"నాలుగు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది" అని హాల్లో ఒక్కదాన్నే వదిలేయమని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఊరుకోవచ్చు కూడా. అయితే అది అలసి సొమ్మసిల్లడమే గానీ అలవాటు పడటం కాదు. అలా వదిలేసిన పిల్ల తర్వాత పడకను చూస్తేనే భయపడుతుంది, పడకలోనే ఒంటికి పోసుకోవడం మొదలుపెడుతుంది. ఆ రెండో అలవాటును మాన్పించడానికి పట్టే కాలంతో పోలిస్తే పది రాత్రులు దాని పక్కన పడుకోవడం ఎంతో తేలిక.

ఇక్కడి లెక్కలన్నీ ఎనిమిది వారాల లాబ్రడార్ పిల్లకు వేసినవి. ఇండీ, అంటే మన దేశవాళీ వీధికుక్క పిల్లకూ దాదాపు ఇవే సరిపోతాయి. పొమేరియన్, షీట్జూ లాంటి చిన్న జాతులకు తేడా వచ్చే చోట విడిగా చెప్పాం.

ఇంటికి తెచ్చే ముందు

మన దగ్గర అమ్మేవాళ్లు "నలభై అయిదు రోజుల పిల్ల సార్" అని గర్వంగా చెప్తారు. ఒక్కోసారి ముప్పై రోజులదాన్ని కూడా అలాగే చెప్పి అంటగడతారు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. చట్టం సంగతి అటుంచితే, నిద్ర లెక్కన చూసినా ఆ పది పన్నెండు రోజుల తేడా పెద్దదే. మరీ ముందుగా తల్లి నుంచి విడదీసిన పిల్ల ఎక్కువ ఏడుస్తుంది, ఎక్కువ కరుస్తుంది, గంటన్నరకోసారి లేస్తుంది. వీధిలో తల్లి లేకుండా దొరికిన పిల్లకైతే గత్యంతరం ఉండదు. దానికి కింద "రాత్రి వరుస"లో ఇచ్చిన వ్యవధులు సగానికి తగ్గించుకుని మొదలుపెట్టండి.

పిల్లను ఉదయం పూటే తెచ్చుకోండి. రాత్రి పడుకునేలోగా కొత్త ఇంటి వాసనలు, మనుషులు, పడక తెలుసుకోవడానికి దానికి కనీసం పది గంటలు దొరకాలి. సాయంత్రం ఏడింటికి తెచ్చి పదింటికి లైటు తీసేస్తే మొదటి రాత్రి జాగారమే. దీపావళి వారంలో, ఇంట్లో పెళ్లి ఉన్న వారంలో, వీధి చివర వినాయకుడి మండపంలో మైకు మోగుతున్నప్పుడు తేవద్దు.

వచ్చేటప్పుడు అక్కడి నుంచి మూడు సంగతులు పట్టుకు రండి. మొదటిది, తల్లికి, మిగతా పిల్లలకు బాగా రుద్దిన పాత గుడ్డ. మీరే ఒక తువ్వాలు తీసుకెళ్లి రుద్ది తెచ్చుకోవచ్చు, పది రోజుల దాకా ఉతకొద్దు. రెండోది, ఇప్పటిదాకా తిన్న తిండే కనీసం వారానికి సరిపడా. మూడోది, నులిపురుగుల మందు, టీకాలు ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకున్న వివరం.

పడక ఎక్కడ, ఎలా

పడక మీరు పడుకునే చోటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఇది ఈ మార్గదర్శి మొత్తంలో వదులుకోకూడని ఒకే ఒక్క షరతు. కుక్క పడకగదిలోకి రాకూడదని పెద్దవాళ్లు పట్టుబడితే వాదించకండి. ఎవరో ఒకరు రెండు వారాలు హాల్లో చాపో పరుపో వేసుకుని దాని పక్కన పడుకోండి. వరండాలోనో గేటు దగ్గరో కట్టేయడం మాత్రం ఏ లెక్కన చూసినా పనికిరాదు. దోమలు, వీధికుక్కలు, ఆ కుక్కల ద్వారా వచ్చే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు, వీటన్నిటి మధ్య పడుకున్న పిల్ల కావలి కాయడం నేర్చుకోదు, ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది.

ఇనుప తీగల క్రేట్, అంటే తలుపున్న బోను, కొంటే పెద్దయ్యాక కూడా పనికొచ్చే సైజు తీసుకుని లోపల అడ్డుపలక పెట్టుకోవడం లాభం. పెద్దయిన లాబ్రడార్‌కు 42 అంగుళాల క్రేట్ కావాలి. ఎనిమిది వారాల పిల్లకు అందులో 22 నుంచి 24 అంగుళాలు వదిలితే చాలు. లేచి నిలబడటానికి, చుట్టూ తిరగడానికి, కాళ్లు చాపుకోవడానికి సరిపోవాలి, అంతకు మించితే ఒక మూల పడక, ఇంకో మూల మరుగుదొడ్డి అయిపోతుంది. నెలకోసారి అడ్డుపలక వెనక్కి జరపండి. క్రేట్ కొనే ఉద్దేశం లేకపోతే మొదటి రెండు వారాలకు ఎత్తయిన, మందమైన అట్టపెట్టె సరిపోతుంది. పిన్నులు, టేపు పీకేసి, పైన తెరిచి ఉంచి మంచం పక్కనే పెట్టుకోండి. అట్ట నమలడం మొదలుపెట్టాక పెట్టె మార్చాల్సిందే.

అడుగున ట్రే కదిలి గణగణమని మోగితే పిల్ల బెదురుతుంది, ట్రే కింద పాత దుప్పటి పరవండి. పైన మెత్తటి నేత చీరో దుప్పటో నాలుగు మడతలు వేసి, దాని మీద తల్లి వాసన ఉన్న గుడ్డ. దూదిపరుపు ఇప్పుడే వద్దు: చింపి దూది మింగే పిల్లలు బోలెడు, పైగా తడిని పీల్చేసుకునే మందపాటి పరుపు మీద ఒంటికి పోయడం వాటికి మహా ఇష్టం. క్రేట్‌లో పెట్టేముందు మెడపట్టీ తీసేయండి. తీగల్లో చిక్కుకుంటే ఉరి పడుతుంది.

దోమలకు కాయిల్ వెలిగించి తలుపులు మూసుకునే ఇళ్లలో ఆ పొగ ముందు పీల్చేది నేల మీద పడుకున్న ఈ పిల్లే. క్రేట్ మీద దోమతెర కప్పండి, అంచులు లోపలికి లాక్కోవడానికి వీల్లేకుండా కాస్త ఎడంగా. ఎండాకాలం సీలింగ్ ఫ్యానో, ఏసీ అయితే 26 డిగ్రీలో చాలు, కూలర్ గాలి సూటిగా కొట్టకూడదు. ఆదిలాబాద్ వైపు డిసెంబరు చలిలో అరలీటరు సీసాలో చేత్తో పట్టుకోగలిగేంత వేడినీళ్లు పోసి, పాత సాక్సులో దూర్చి, క్రేట్‌లో ఒక పక్కకు పెట్టండి. వేడి ఎక్కువైతే పక్కకు జరగడానికి చోటు ఉండాలి. గుడ్డలో చుట్టిన గడియారం టిక్కుటిక్కుమంటే తల్లి గుండెచప్పుడనుకుని పడుకుంటుందని ఒక సలహా ఉంది. పెడితే నష్టం లేదు. కానీ తీగల సందులోంచి లోపలికి పెట్టిన మీ వేళ్లు చేసే పని అది చేయదు.

పగలు చేయాల్సిన పని

రాత్రి క్రేట్‌లో పడుకోవాలంటే పగలే అక్కడ పడుకుని ఉండాలి. మొదటి రోజు ప్రతి పూటా తిండి గిన్నె క్రేట్ లోపలే, వెనక గోడకు ఆనించి పెట్టండి, తలుపు తెరిచే ఉండాలి. మధ్యాహ్నం తిండి తినేటప్పుడు తలుపు మూసి, తినడం అవగానే తెరవండి. ఆ తర్వాత కునుకు తీస్తున్న పిల్లను మెల్లగా తెచ్చి లోపల పడుకోబెట్టి, తలుపు మూసి పక్కనే కూర్చోండి. అయిదు నిమిషాలు, పది, అరగంట. లోపల ఉండగా మీరు గదిలోంచి బయటికి వెళ్లి రావడం రెండో రోజు పని, అదీ నిమిషం లోపు.

ఈ వయసు పిల్ల రోజులో 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. పగలంతా పిల్లలు, చుట్టాలు ఎత్తుకుని తిప్పితే రాత్రి బాగా పడుకుంటుందనుకుంటారు, జరిగేది తలకిందులు. నిద్ర చాలని పిల్ల సాయంత్రం ఏడెనిమిది గంటల మధ్య పిచ్చెక్కినట్టు పరుగులు పెట్టి, పంచెలు, చీర కుచ్చిళ్లు పట్టి లాగుతుంది, చేతులు కొరుకుతుంది. అది ఆటకు పిలవడం కాదు, నిద్ర ముంచుకొచ్చి ఏం చేయాలో తెలియకపోవడం. గంట మెలకువ, రెండు గంటల నిద్ర, ఈ లెక్కన రోజంతా నడిపించండి. నిద్రపోతున్న పిల్లను చూడ్డానికి వచ్చిన చుట్టం కోసం లేపకండి.

తిండి, నీళ్లు

తెచ్చుకున్న పాత తిండినే మొదటి మూడు నాలుగు రోజులు పెట్టి, తర్వాత వారం పట్టేలా కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు, విరేచనాలైతే రాత్రంతా మెలకువే. ప్యాకెట్ మీద పిల్ల బరువును బట్టి రాసిన రోజు మొత్తాన్ని నాలుగు భాగాలు చేసి ఉదయం 7, 11:30, మధ్యాహ్నం 3:30, రాత్రి 7 గంటలకు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెట్టండి. తిన్న పావుగంట నుంచి అరగంటలో రెంటికి పోతుంది, అప్పుడు అక్కడ ఉండండి.

గేదెపాలు, ఆవుపాలు వద్దు. పాలలోని లాక్టోజ్ చాలా పిల్లలకు అరగదు, తెల్లవారుజామున పలచటి విరేచనాలకు మన ఇళ్లలో మొదటి అనుమానితురాలు ఆ పాలగిన్నే. పెరుగన్నం కొద్దిగా పెడితే ప్రమాదం లేదు గానీ దాన్నే భోజనం చేస్తే పెరిగే పిల్లకు కావలసిన మాంసకృత్తులు అందవు. పైగా నీళ్లగా కలిపిన అన్నం ఒంటికి తొందరగా తెప్పిస్తుంది, ఆకలీ తొందరగానే తెస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు కంచంలోంచి పెట్టే ముద్దలో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్కలకు విషం, ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

నీళ్ల గిన్నె రాత్రి 9:30కు తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పూర్తిగా ఎండగట్టొద్దు, రాత్రి లేపినప్పుడు రెండు మూడు చెంచాలు పట్టండి. పొమేరియన్, షీట్జూ, చివావా పిల్లలకు ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. వాటికి 10 గంటలకు రెండు చెంచాల తిండి అదనంగా పెట్టడమే క్షేమం, దానివల్ల ఒకసారి ఎక్కువ లేవాల్సి వచ్చినా సరే.

ఒంటికి, రెంటికి చోటు

టీకాలు పూర్తయ్యేది దాదాపు 16 వారాలకు. అప్పటిదాకా వీధి మట్టి, పార్కు, అపార్ట్‌మెంట్ కింద వీధికుక్కలు తిరిగే చోటు తగలకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. గోడలున్న పెరడు, డాబా, బాల్కనీ సరిపోతాయి. బాల్కనీలో రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ప్లాస్టిక్ ట్రేలో నర్సరీలో దొరికే లాన్ గడ్డి ముక్క పరవండి. న్యూస్‌పేపరూ పనికొస్తుంది, కాకపోతే తర్వాత మీరు కింద పెట్టిన ఉదయం పేపరు మీద కూడా హక్కు ప్రకటిస్తుంది. మొదటిసారి తుడిచిన కాగితం ముక్క ఒకటి ట్రేలో వదిలేస్తే వాసన పట్టుకుని వస్తుంది. "సుస్సు" అనో ఇంకోటో ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడండి.

రాత్రి వరుస

1. 7 గంటలకు ఆఖరి తిండి, 7:20కి ట్రే దగ్గరికి.
2. 7:30 నుంచి 9 దాకా కునుకు. ఈ కునుకు ఎగ్గొడితే పైన చెప్పిన పిచ్చి పరుగులు ఖాయం.
3. 9 నుంచి 10 దాకా మెలకువ. మొదటి అరగంట ఆట, తర్వాత నమలడానికి ఏదైనా ఇచ్చి ఇంట్లో గొంతులు, టీవీ తగ్గించండి.
4. 10:30కు ట్రే. పోసిన వెంటనే లేవనెత్తొద్దు, రెండో విడత కోసం ఇంకో రెండు నిమిషాలు ఆగండి. ఆటలో పడిన పిల్ల సగమే పోసి వచ్చేస్తుంది, ఆ మిగతా సగమే పన్నెండింటికి లేపేది.
5. 10:45కు మెడపట్టీ తీసి క్రేట్‌లోకి. లైటు తీసేయండి. మీ చెయ్యి తీగలకు ఆనించి పడుకోండి.
6. 1:30కు అలారం. టార్చి వెలుతురులో పిల్లను ఎత్తుకుని ట్రే దాకా తీసుకెళ్లండి. నడిపిస్తే గుమ్మం దగ్గరే కానిచ్చేస్తుంది. అయిదు నిమిషాలు ఆగండి. పోస్తే గుసగుసగా ఒక మెచ్చుకోలు, పోయకపోయినా కోపం లేదు, తిరిగి పడకలోకి. ముద్దులు, ఆటలు, బిస్కెట్లు ఏమీ ఉండకూడదు. రాత్రి లేవడం పరమ విసుగ్గా ఉండాలి.
7. 4:15కు మళ్లీ అలాగే.
8. 6 గంటలకు రోజు మొదలు.

అలారం ఎందుకు, ఏడ్చినప్పుడు లేస్తే చాలదా అని అడుగుతారు. ఏడ్చాక తీస్తే ఏడుపుకీ తలుపు తెరుచుకోవడానికీ ముడి పడుతుంది. ఏడవకముందే తీస్తే ఆ ముడి పడే అవకాశమే లేదు, పడక కూడా పొడిగా ఉంటుంది. నిద్రపోతున్న పిల్లను లేపడానికి మనసొప్పదు, నిజమే. కానీ గడియారం ముందు నడవాలి, ఏడుపు కాదు.

అలారాన్ని వెనక్కి జరపడం

మూడు రాత్రులు వరుసగా, మీరు వెళ్లేసరికి పిల్ల నిద్రలోనే ఉండి పడక పొడిగా ఉంటే మొదటి అలారాన్ని పావుగంట వెనక్కి జరపండి. 1:30 కాస్తా 1:45, తర్వాత 2. అలా 2:30కు చేరాక 4:15 అలారం మానేయండి, ఆ రెండు అలారాల పనీ ఈ ఒక్కటే తీరుస్తుంది. ఇక మిగిలిన ఆ ఒక్కదాన్ని పావుగంటల చొప్పున 5 గంటల దాకా తీసుకెళ్లండి. మొత్తం 14 మెట్లు, మెట్టుకు మూడు రాత్రులు, అంటే ఆరు వారాలు. పిల్లకు 14 వారాలు వచ్చేసరికి పదకొండింటి నుంచి అయిదింటి దాకా నిద్ర కుదురుతుంది.

ఒక రాత్రి పడక తడిస్తే అరగంట ముందుకు వచ్చి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడి ఒకేసారి గంట జరిపిన ఇళ్లలోనే "ముందు బాగానే ఉండేది, ఇప్పుడు చెడిపోయింది" అన్న మాట వినిపిస్తుంది.

ఏడుపును గుర్తుపట్టడం

మధ్యలో ఏడిస్తే మొదట గడియారం చూడండి. ట్రే దగ్గరికి వెళ్లి వచ్చి ముప్పావుగంట కాలేదు, గొంతు సాగదీసినట్టు మూలుగుతూ మధ్యమధ్యలో ఆపి వింటోంది అంటే, అది తోడు కోసం. వేళ్లు లోపలికి పెట్టండి, మాట్లాడకండి, అయిదు నిమిషాలు చూడండి. చాలాసార్లు వేళ్లు వాసన చూసి పడుకుంటుంది.

రెండు గంటలు దాటింది, లేచి గుండ్రంగా తిరుగుతోంది, గుడ్డను గీకుతోంది, గొంతు పదునెక్కుతోంది అంటే, అది ఒంటికి. ఆలోచించకుండా ఎత్తుకెళ్లండి. ఏది అన్నది తేలకపోతే తీసుకెళ్లడమే మంచిది. అనవసరంగా ఒకసారి లేవడం కంటే పడక తడవడం పెద్ద నష్టం.

వీధికుక్కలు రాత్రి రెండింటికి కచేరీ పెడితే పిల్ల అదిరిపడి మొరుగుతుంది. కిటికీ మూసి ఫ్యాన్ వేగం పెంచండి, క్రేట్ మూడు వైపులా దుప్పటి కప్పండి, నాలుగో వైపు, అంటే మీ వైపు, గాలి కోసం తెరిచి ఉంచండి. గదమాయించడం, క్రేట్ మీద కొట్టడం వల్ల భయం రెట్టింపవుతుందే గానీ నోరు మూతపడదు.

ఎక్కడ గాడి తప్పుతుంది

ఉదయం నాలుగున్నరకే లేచి కూర్చుంటోందా? సుప్రభాతం మైకు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు, కిటికీ వెలుతురు, వీటిలో ఒకటై ఉంటుంది. ముందు మందపాటి కర్టెన్ వేసి చూడండి. లేవగానే గిన్నె పెట్టే అలవాటు ఉంటే ఆకలే అలారం అవుతుంది. లేచిన అరగంట తర్వాత పెట్టండి.

పడక రోజూ తడుస్తోందంటే చోటు మరీ ఎక్కువైనా ఉండాలి, గుడ్డలో పాత వాసన మిగిలైనా ఉండాలి. నేలను ఫినాయిల్‌తో, డెట్టాల్‌తో తుడవకండి. వాటిలోని ఫినాల్ జాతి రసాయనాలు నేల నాకే పిల్లకు హాని. మూత్రపు వాసనను తినేసే ఎంజైమ్ క్లీనర్ పెట్ షాపుల్లో దొరుకుతుంది, అదే వాడండి. టైల్స్ మీదైతే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచి కడిగినా పోతుంది. మార్బుల్, కడప రాయి, తాండూరు రాయి మీద మాత్రం వెనిగర్ పోయొద్దు, ఆ పులుపుకు సున్నపురాయి మెరుపు పోయి మచ్చ పడుతుంది. మూతిని మూత్రంలో రుద్దడం ఇప్పటికీ కొందరు చేస్తారు. దాంతో అది నేర్చుకునేది మీకు కనబడకుండా సోఫా వెనక పోయాలని.

మూడు వారాలు సాఫీగా సాగాక క్రేట్‌ను మంచం పక్కనుంచి తలుపు వైపు రెండు రాత్రులకోసారి అరమీటరు చొప్పున జరపొచ్చు. మళ్లీ మూలగడం మొదలైతే ఒక జరుపు వెనక్కి రండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు కొన్ని రాత్రులు చెదురుతాయి. తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డను పడుకునే ముందు మీ కళ్లెదుటే కాసేపు నమలనిచ్చి తీసేయండి.

నిద్ర సమస్య కాదని గుర్తించాల్సినవి

అరగంటకోసారి చుక్కచుక్కగా పోస్తూ మూలిగితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు, ఏ పట్టికా పనిచేయదు. పొట్ట ఉబ్బి బానలా ఉండి రాత్రంతా కదులుతూ ఉంటే నులిపురుగులు. నులిపురుగుల మందు 12 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి, బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పడాలి. వాంతులు, రక్తం కలిసిన దుర్వాసన విరేచనాలు, తిండి ముట్టకుండా ఒక మూల పడుకోవడం పార్వో లక్షణాలు. తెల్లారేదాకా ఆగకుండా రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చిన్న జాతి పిల్ల లేపినా లేవకుండా తూలుతూ వణుకుతుంటే చిగుళ్లకు తేనె రాసి, అదే ఊపున బయల్దేరండి. రాత్రి తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో, అక్కడి ఫోన్ నంబరేమిటో పిల్లను తెచ్చిన రోజే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టుకోండి.